ఆదెమ్మ నోరు మూసుకున్న పొద్దు

ఇటు పొలాలు, అటు అడివి, మధ్యలో ఒక వాగు. వాగు ఇవతల బర్రెల మంద. అవతల కొండవాలున చుక్కల దుప్పుల మంద. నీళ్ళు పల్చగా పారే చోట రేవుంది. ఆ రేవు పక్కనే తల తెగిన తాటి మోడు ఒకటుంది. ఆ మోడు తొర్రలో కాపురం ఉండేది గోరింక ఆదెమ్మ, దాని మొగుడు ఓబులేసు.

గోరింకల పనేందంటే, బర్రెల ఒంటి మీద గోమార్లు ఏరటం. గోమార్లంటే తోలు కరుచుకోని రక్తం తాగే పురుగులు. అవి ఏరితే బర్రెకి దురద పోద్ది, గోరింకకి కడుపు నిండుద్ది. ఇద్దరికీ బాగానే ఉండేది.

బర్రెలకాడ దాపరికం లేదు. తెల్లారితే చాలు, బర్రె పేరమ్మ కేకేసేది.

"ఏమే ఆదెమ్మా, చచ్చావా, బతికావా? తొడసందున కొరుక్కు తింటన్నాయి, బిన్నా రా!"

ఆదెమ్మ అంతకన్నా గట్టిగా అనేది. "తొడసందున ఒకటేనా వదినా? తోక మొదట్లో గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. పొదుగు కింద కూడా పట్టినయ్యి. కదలమాక!"

మందంతా ఇనేది. ఎవరికీ సిగ్గు లేదు. పైగా పక్క బర్రె, "నాకింకా ఎక్కువున్నాయి, ముందు నాకు తియ్యండే" అని అడ్డం వొచ్చేది. అట్టా అరుచుకుంటా, కసురుకుంటా, నవ్వుకుంటా రోజులు గడిచినయ్యి.

ఎండాకాలం మొదట్లో ఊళ్ళోవాళ్ళు బర్రెలకి ఏదో మందు కలిపిన నీళ్ళు పోశారు, గోమార్లు చావాలని. గోమార్లు చచ్చినయ్యి. అవి తిని ఓబులేసు కూడా పోయాడు. పొద్దున పనిలోకని పోయినోడు, మజ్జానానికి పేరమ్మ కాళ్ళకాడ రెక్కలు పరిచి పడున్నాడు. ఎవరన్నా తొక్కుతారేమోనని పేరమ్మ పొద్దుగూకేదాకా ఆడనించి కదల్లేదు.

గోరింకలు జంటగా మాట్లాడతాయి. మగది సగం అంటే, ఆడది మిగతా సగం అందుకుంటది. అది వాటి అలవాటు. ఓబులేసు పోయినాక కూడా ఆదెమ్మ పొద్దున్నే మోడు మీద కూర్చోని నోరు తెరిచేది. సగం మాట అని ఆగేది. మిగతా సగం ఏ పక్క నించీ వొచ్చేది కాదు. తొర్రలో పిల్లలకి ఇంకా రెక్కలు రాలేదు. వాటికి తండ్రి పోయాడని తెలవదు, ఆకలి మటుకు తెలుసు. నోళ్ళు తెరుచుకోని ఒకటే గోల.

పేరమ్మ దూరం నించే చెప్పింది. "ఇటు రామాక ఆదెమ్మా. ఇంకా మందు వాసన వొస్తంది. నా ఒంటి మీద వాలమాకని నేనే చెప్తన్నా."

"మరి పిల్లలకేం పెట్టను వదినా? గడ్డి ఎండిపోయింది. మిడతలు కూడా లేవు."

"నాకు తెలవదే. తెలిస్తే చెప్పనా?"

ఇదంతా తుమ్మకంప వెనక పడుకోని ఇంటన్నాడు నక్క వెంగయ్య. ఈ వెంగయ్యకి ఒక పాత బాధ ఉంది. అవతల కొండవాలున బోదగడ్డిలో దుప్పులు వాటి కూనల్ని దాచిపెట్టి మేతకి పోతాయి. ఆ కూనల మీద వెంగయ్యకి ఎప్పటినించో ఆశ. కానీ రేవులో కాలు పెట్టాడో లేదో, మోడు మీద నించి ఆదెమ్మా ఓబులేసూ గొంతు కలిపి కేకలు పెట్టేవాళ్ళు. ఆ కేకలకి దుప్పులు కూనల దగ్గరకి ఉరికొచ్చేవి. వెంగయ్య తడిసిన కాళ్ళతో ఎనక్కి పోయేవాడు.

ఆ రోజు వెంగయ్య తల వంచుకోని మోడు కిందకి వొచ్చాడు.

"అక్కా, బావ సంగతి ఇన్నాను. ఎంత మంచోడు! నన్ను చూస్తే ఎంత తిట్టేవాడు! ఆ తిట్లు లేక చెవులు చిన్నబోయినయ్యి."

"ఏం కావాలి వెంగయ్యా?" అంది ఆదెమ్మ.

"నాకు కాదక్కా, నీకే. అవతల దుప్పుల మందుంది గదా. ఒంటినిండా గోమార్లే. వాళ్ళ మీద మందు పోసేవాళ్ళెవరూ లేరు. ఆ పని నీకు కుదిర్చిపెడతా. నా నోరు సంగతి నీకు తెలుసు. నిరుడు కొత్త బర్రెలు వొచ్చినప్పుడు పేడదిబ్బ ఎక్కి కేకేసింది ఎవరు? ఆ రోజు గోరింకలకి ఊపిరి తీసుకోను సందు లేదు."

అది నిజమే. వెంగయ్య నోరు అట్టాంటిది.

"ఊరికే చెయ్యవుగా. నీకేం కావాలో చెప్పు."

"చిన్న ముక్క. నేను అటూ ఇటూ తిరుగుతుంటాను. నన్ను చూసి నువ్వు అరవగూడదు. నీ వాళ్ళు, మిగతా గోరింకలు కూడా అరవగూడదు. నోరు మూసుకోని ఉండాలి. అంతే."

ఆదెమ్మకి అర్థమైంది. వాడు దేనికి తిరుగుతాడో తెలవందేం కాదు. అప్పుడే తొర్రలో చిన్నపిల్ల అరుపు సన్నబడింది. రెండు రోజుల నించీ దాని నోట్లో సరిగ్గా ఏమీ పడలేదు.

"సరే. నిన్ను చూసి నోరు తెరవను."

"ఒట్టు?"

"పిల్లల మీద ఒట్టు."

తెల్లారి వెంగయ్య వాగు దాటాడు. దుప్పులు నీళ్ళు తాగటానికి వొచ్చే వేళ అది. పట్టపగలు ఒంటినక్కని చూసి పెద్ద దుప్పులు పారిపోవు, నిలబడి చూస్తాయి. వెంగయ్య ఒక బండ ఎక్కి గొంతు ఎత్తాడు.

"దుప్పులారా! మీ చెవుల్లో గోమార్లు! మెడల కింద గోమార్లు! తోకలెత్తితే గోమార్లు! గోక్కోలేరు, నాక్కోలేరు, ఎంతకాలం ఈ బాధ? మా ఆదెమ్మ ముక్కు లాంటి ముక్కు ఈ చుట్టుపక్కల లేదు! పీకి పారేస్తది! అదిగో, ఆ పిల్ల చెవి చూడండి, కందిపప్పు ఆరబోసినట్టు ఎట్టా ఉన్నాయో!"

ఆ పిల్లని చూసిపోదామని పక్క మంద నించి ఒక కొమ్ముల కుర్రోడు వొచ్చి, నీళ్ళ పక్కన బిడియంగా నిలబడున్నాడు. ఈ మాట ఇని, ఏదో పని గుర్తొచ్చినట్టు మెల్లగా ఎనక్కి తిరిగాడు. పిల్ల తల్లి తల ఎత్తలేదు.

మందకి పెద్ద గురవమ్మ. చెవులు చిరిగిన ముసలి దుప్పి. అది నాలుగడుగులు ముందుకొచ్చి చాలా మర్యాదగా అంది. "ఎండలో అరిచి అలిసిపోయావు నాయనా. మంచిదే. చూద్దాంలే. వానలు పడనియ్యి."

వెంగయ్య తోక ఊపుకుంటా వొచ్చేశాడు. "అయిపోయిందక్కా! మంచిదే అన్నారు. వానలకి మొదలుపెడదామన్నారు!"

"వానలా? మామిడికాయకి ఇంకా టెంక పట్టలేదు వెంగయ్యా. అందాకా నా పిల్లలు ఉంటాయా?"

"అంటే చెప్పింది చాలలేదన్నమాట. పనితనం చూసినోళ్ళ చేత చెప్పిస్తే ఎందుకినరు? ఉండు."

పోయి పేరమ్మని ఎంటబెట్టుకొచ్చాడు. ఆదెమ్మ కోసమంటే పేరమ్మ కాదనలేదు. బురద కారుకుంటా వాగు దాటి, దుప్పుల మధ్యలోకి పోయి నిలబడి మొదలుపెట్టింది.

"నా సంగతి చెప్తా ఇనండే. పోయినేడు తోక మొదట్లో పట్టినయ్యి. అబ్బో! గోడకి రుద్దుకున్నా, చెట్టుకి రుద్దుకున్నా, ఊహూ. రసి కూడా కారింది. కావాలంటే చూడండి, మచ్చ ఉంది." అని ఎనక్కి తిరిగి తోక ఎత్తింది.

దుప్పులు ఒకదాని తరవాత ఒకటి మొకాలు పక్కకి తిప్పుకున్నయ్యి. కొన్ని అప్పటికప్పుడు బాగా ఆకలేసినట్టు ఎండుగడ్డి నమలటం మొదలుపెట్టినయ్యి.

"పాపం, ఇంత దూరం వొచ్చావు తల్లీ," అంది గురవమ్మ. "నీళ్ళు తాగావా? ఆ నీడన కాసేపు కూర్చోని పో."

పేరమ్మ మురిసిపోతా వొచ్చింది. "ఎంత మర్యాదస్తులే ఆదెమ్మా! ఒక్కరు కూడా వొద్దనలేదు! రేపు పొద్దున్నే పో!"

తెల్లారి పోయి చూస్తే దుప్పులు లేవు. నీళ్ళ దగ్గర తొక్కిన జాడలే ఉన్నయ్యి. మంద మెల్లగా కొండ మీదకి జరిగిపోయింది.

"పొగరు! వొట్టి పొగరు!" అన్నాడు వెంగయ్య. "రేపు కొండెక్కి ఇంకా గట్టిగా చెప్తా."

"నువ్వింక పోమాక," అంది ఆదెమ్మ. "ఒక మాటు నువ్వు పోయావు, ఒక మాటు వదిన పోయింది, కొండెక్కారు. మూడో మాటు పోతే కొండ దాటిపోతారు."

వాడిని పంపించి ఆదెమ్మ మోడు మీద కూర్చుంది. ఓబులేసు గుర్తొచ్చాడు. వాడికొక అలవాటు ఉండేది. పని లేనప్పుడు వాగు దాటి పోయి, దుప్పుల దగ్గర ఒక మోదుగ కొమ్మ మీద ఊరికే కూర్చునేవాడు. ఆదెమ్మ దెప్పేది.

"ఏం చేస్తన్నావయ్యా ఆడ, గుడ్లప్పగించుకోని?"

"మాట్లాడుతన్నానే."

"నోరు తెరవకుండానా?"

"ఆడ అట్టానే."

అప్పుడు నవ్వింది గానీ, ఏందయ్యా అని అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేడు. అందుకని ఓబులేసు కూర్చునే కొమ్మ మీదకే పోయి కూర్చుంది. కొండ మీద చెట్ల సందున దుప్పులు కనపడతన్నాయి. చూస్తా ఉంది.

ఒక దుప్పికి మెడ దురద పుట్టింది. అది "గోకు" అని ఎవరినీ అడగలేదు. పక్క దుప్పి దగ్గరకి పోయి నిలబడి, ఎటో చూస్తంది. కాసేపటికి పక్కది కూడా ఎటో చూస్తానే దాని మెడ నాకింది. ఇంకొక దుప్పికి నీడ కావాలి. "జరుగు" అనలేదు. ఎండలోనే నిలబడింది. నీడలో ఉన్నది చూసి, మేతకి పోతన్నట్టు లేచింది. అంత మందలో ఎవరికీ ఏదీ కావాలని నోటితో చెప్పింది లేదు. కానీ అందరికీ అన్నీ అందుతన్నాయి.

"ఓరి నీ అమ్మ కడుపు చల్లగా," అనుకుంది ఆదెమ్మ. "ఈళ్ళ దగ్గరా మనం పేడదిబ్బ భాష మాట్లాడింది!"

మర్నాడు ఒక్కతే పోయింది. ఒంటి మీద వాలలేదు. కాస్త దూరంగా అదే మోదుగ కొమ్మ మీద కూర్చుంది. దుప్పులు చూసినయ్యి, పలకరించలేదు. ఆదెమ్మ కూడా పలకరించలేదు. లోపల మాత్రం పిల్లల అరుపులే ఇనపడతన్నయ్యి. లేచి పోయి "అయ్యా, నా పిల్లలు చస్తన్నారు, ఒక్కటి తియ్యనియ్యండి" అని కాళ్ళ మీద పడదామనిపించింది. కొమ్మని గోళ్ళతో గట్టిగా పట్టుకోని కూర్చుంది.

పొద్దు నడినెత్తికి వొచ్చినాక గురవమ్మ మేసుకుంటా ఆ కొమ్మ కిందకి వొచ్చింది.

"ఈ యేడు మోదుగ బాగా పూసింది," అంది.

"పూసింది పెద్దమ్మా. వాగులోనే నీళ్ళు తగ్గినయ్యి."

"తగ్గినయ్యి." కాసేపు నమిలింది. "ఈ కొమ్మ మీద ఒకాయన వొచ్చి కూర్చునేవాడు. ఈ మధ్య కనపడటం లేదు."

"లేడు పెద్దమ్మా."

గురవమ్మ అయ్యో అనలేదు. ఎట్టా, ఎప్పుడు అని అడగలేదు. నమలటం ఆపి, కొమ్మ కింద అట్టానే నిలబడింది, చాలాసేపు. ఓబులేసు పోయినాక ఎంతోమంది వొచ్చి ఏవేవో చెప్పారు. ఆదెమ్మకి కాస్త ఊపిరాడింది మాత్రం ఇప్పుడే.

తరవాత గురవమ్మ ఎటో చూస్తా, తల కొంచెం వంచింది. చిరిగిన చెవి ఆదెమ్మ పక్కకి వొచ్చింది.

"ఎండలు ముదిరినయ్యి. చెవి పక్కన చుర్రుమంటంది."

"ఎండకేలే పెద్దమ్మా," అంది ఆదెమ్మ. మెల్లగా వాలింది. బొడ్డు మల్లెమొగ్గంత గోమారు ఒకటి ఉంది. పుటుక్కున తీసింది. ఏం తీసిందో చెప్పలేదు. గురవమ్మ అడగలేదు.

"చల్లబడ్డది," అంది గురవమ్మ.

కాసేపటికి ఒక దుప్పి వొచ్చి పక్కన నిలబడి కొండని చూస్తంది. దాని వెనక ఇంకొకటి వొచ్చి ఆకాశాన్ని చూస్తంది. కుర్రోడు చూడవొచ్చి ఎనక్కి తిరిగిపోయిన ఆ పిల్ల కూడా వొచ్చింది, వాళ్ళమ్మ చాటున. ఆదెమ్మ అందరికన్నా ముందు దాని చెవి శుభ్రం చేసింది, ఎవరూ చూడకుండా.

ఆ సాయంత్రం తొర్రలో అరుపులు లేవు. పిల్లలు కడుపునిండి పడుకున్నయ్యి.

తరవాత మిగతా గోరింకలకి కూడా చెప్పింది. "ఆడ గోమారు అనే మాట అనగూడదు. ఎండ అనండి, గాలి అనండి. వాళ్ళు చెవి తిప్పేదాకా వాలమాకండి." అట్టానే చేసినయ్యి. పని చేసేటప్పుడు గోరింకలు వాటి పద్ధతిలో గుసగుసగా ఏదో ఒకటి మాట్లాడుకునేవి. ఆ సందడి దుప్పులకి నచ్చింది. అది ఇనపడతన్నంతసేపు నిమ్మళంగా మేసేవి, మళ్ళీ కింద వాలుకే దిగొచ్చినయ్యి. కూనల్ని బోదగడ్డిలో పడుకోబెట్టినయ్యి.

అప్పుడు వొచ్చాడు వెంగయ్య, కాళ్ళు కడుక్కోని, మీసాలు దువ్వుకోని.

"చూశావా అక్కా? నేను ఏసిన కేక ఊరికే పోలేదు. కాస్త లేటుగా పండింది."

"నీ కేకకి కొండెక్కారు వెంగయ్యా. దించటానికి నా తాతలు దిగొచ్చారు."

"ఎట్టా దిగితే ఏం? పని కుదిరింది. ఒట్టు ఉంది. పిల్లల మీద ఏశావు."

ఆదెమ్మ వాడిని చూసింది. గడ్డిలో కూనలు గుర్తొచ్చినయ్యి. తొర్రలో పిల్లలు గుర్తొచ్చినయ్యి.

"నిన్ను చూసి నోరు తెరవను. ఒట్టు ఒట్టే."

"అది, మాటంటే!" అన్నాడు వెంగయ్య.

మర్నాడు పొద్దున ఎండ ఇంకా ఎక్కలేదు. ఆదెమ్మ గురవమ్మ వీపు మీద కూర్చోని పని చేస్తంది, సందుసందుకీ కబుర్లు చెప్తంది. మిగతా గోరింకలు మిగతా వీపుల మీద ఉన్నయ్యి. అంతా కిచకిచ. రేవు పక్క బోదగడ్డి కదిలింది. గాలి లేదు. గడ్డి ఒక గీత గీసినట్టు కదులుతా, నిన్న పుట్టిన కూన పడుకున్న చోటుకి పోతంది.

ఆదెమ్మ గొంతు దాకా కేక వొచ్చింది. ఒట్టు గుర్తొచ్చింది. కేక మింగింది.

చెప్తన్న కబురు సగంలో ఆపేసింది. ముక్కు మూసింది. గడ్డి పక్కకి తిరిగి, రాయిలాగా కూర్చుంది.

దాన్ని చూసి పక్క గోరింక ఆపింది. దాన్ని చూసి ఇంకొకటి ఆపింది. కొండవాలంతా ఒక్కసారి చప్పుడు పోయింది.

దుప్పుల తలలన్నీ లేచినయ్యి.

గురవమ్మ ఏమైందని అడగలేదు. ఆదెమ్మ ముక్కు ఎటుందో అటు చూసింది. ముందుకాలు ఎత్తి నేలని గట్టిగా తన్నింది. అంతే. కూన తల్లి గాలిలాగా పోయింది. దాని వెనకాలే కొమ్ముల మగ దుప్పులు పోయినయ్యి. నోట్లో నీళ్ళూరతా కూనకి రెండడుగుల్లో ఉన్న వెంగయ్య తలెత్తి చూస్తే, చుట్టూ కొమ్ములే. తల్లి గిట్ట వాడి వీపున పడింది. వాడు ఎటు దారి దొరికితే అటు ఉరికి, కంపలో పడి, కంపలోంచి వాగులో పడి, కుంటుకుంటా ఇవతల ఒడ్డుకి తేలాడు.

సాయంత్రం మోడు కిందకి వొచ్చి తగువేసుకున్నాడు.

"ఒట్టు తప్పావు! పిల్లల మీద ఏసిన ఒట్టు తప్పావు!"

"నేను నోరు తెరిచానా వెంగయ్యా?"

"...తెరవలేదు."

"నా వాళ్ళెవరన్నా తెరిచారా?"

"తెరవలేదు! ఎవరూ కిక్కురుమనలేదు! మరి వాళ్ళకెవరు చెప్పారు?"

"మేము తెరుచుకోని ఉన్న నోరు మూసుకున్నాం. నువ్వు అడిగింది అదే. బర్రెల దగ్గరైతే నువ్వు కూనని తిని మూతి తుడుచుకునేదాకా ఎవరికీ తెలిసేది కాదు. నువ్వు బేరం పెట్టుకుంది దుప్పుల దగ్గర. వాళ్ళ దగ్గర ఇంతకన్నా గట్టి కేక లేదు."

వెంగయ్యకి ఇంకా బుర్రకెక్కలేదు. రేవులో నీళ్ళు తాగుతన్న పేరమ్మ, "ఏందిరా వెంగయ్యా, వీపు చూపించి పో! నా మచ్చ కన్నా పెద్దదా?" అని మందంతా ఇనపడేట్టు అరిచింది. వాడు తోక కాళ్ళ మధ్య పెట్టుకోని తుమ్మకంపల్లోకి పోయాడు. ఆ రేవులో మళ్ళీ కాలు పెట్టలేదు.

చీకటి పడకముందు ఆదెమ్మ మోదుగ కొమ్మ మీదకి పోయింది. ఓబులేసు కూర్చునే చోటు వొదిలేసి, పక్కన కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు. గురవమ్మ వొచ్చి కింద నిలబడింది. ఆ పూట ఆదెమ్మకి మాట సగంలో ఆగిపోయినట్టు అనిపించలేదు.

సరుకేదన్నా కానీ, మన నోటికి అలవాటైనట్టు కాదు, తీసుకునేవాళ్ళ చెవికి అలవాటైనట్టు చెప్పుకోవాలి.